అంగారకుడి ఆకాశానికి రంగు వేసిందెవరు?

ప్రశ్న: నేను హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. అంగారకుడి మీద నాసావాళ్ల క్యూరియాసిటీ రోవర్ (అక్కడ తిరిగే యంత్రపు బండి) తీసిన లోయ ఫోటో ఒకటి, నీలం, నారింజ రంగుల్లో ఉన్నది, పెద్ద ప్రింటు వేయించి క్లాసు గోడకు పెట్టాను. "తీసింది యంత్రం, రంగులేమో కంప్యూటర్లో పులిమినవి. ఇదేం ప్రకృతి చిత్రం?" అని తోటి మాస్టారొకరు ఎగతాళి చేశారు. ఆయనకేం చెప్పాలి?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మీరు పెట్టింది 2021 నవంబరు 16న తీసిన ఫోటో అయ్యుంటుందమ్మా. మాస్టారి మాట సగం నిజమే. రోవర్ దారి చూసుకోవడానికి వాడే కెమెరాతో తీశారు దాన్ని. ఆ కెమెరాకి రంగులు తెలియవు, ఉత్త బ్లాక్ అండ్ వైట్. బండిని ఒకేచోట నిలిపి, అక్కడి టైము ప్రకారం పొద్దున 8:30కి ఒకసారి, సాయంత్రం 4:10కి ఇంకోసారి అదే దృశ్యం తీయించారు. తర్వాత రెండింటినీ కలిపి, పొద్దుటి వెలుగుకి నీలం, సాయంత్రపు వెలుగుకి నారింజ, ఇంకొన్నిచోట్ల ఆకుపచ్చ అద్దారు.

ఇక మిగతా సగం. గుట్ట ఎక్కడికీ పోదు, ఎవరైనా తీస్తారు. నీడ ఎటు పడితే ఆ గుట్ట లేచి నిలబడుతుందో చూసి, ఆ గంట కోసం కాచుకు కూచోవడమే మా ఫోటోగ్రాఫర్ల పనంతా. మిట్టమధ్యాహ్నం తీస్తే ఎంత కొండైనా చపాతీలా పడుంటుంది. ఆ 8:30ని, ఆ 4:10ని ఎంచింది భూమ్మీద కూచున్న మనుషులు. వాళ్ల కన్ను నాకు నచ్చింది.

"పులిమినవి" అన్న మాట మాత్రం కాస్త తగిలింది. నేను పెరిగిందే పులిమే ఇంట్లో. సూళ్లూరుపేటలో మా నాన్నగారి స్టూడియోకి కలర్ ఫిల్మ్ రాకముందు, చిన్న పుస్తకంలా రంగు కాగితాలు వచ్చేవి. తడి కుంచె ఆ కాగితం మీద తిప్పి, పింగాణీ సాసర్లో నీళ్లతో పలచన చేసి, బుగ్గలకి, పెదాలకి, పూలదండకి అద్దేవారు. కుంచె మొన నోట్లో పెట్టుకుని సన్నం చేసుకోవడం వల్ల ఆయన నాలిక ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉండేది. ఒకసారి ఓ పెళ్లికూతురి ఆకుపచ్చ చీరకి ఎర్రరంగు వేసేశారు. బ్లాక్ అండ్ వైట్‌లో రెండూ ఒకే బూడిదరంగు మరి! వాళ్లు డబ్బులివ్వలేదు సరికదా, ఫోటో కూడా అక్కడే వదిలేసి వెళ్లారు. ఆ తర్వాత బిల్లు పుస్తకంలో చీర రంగు, జాకెట్టు రంగు రాసుకున్నాకే కెమెరా ముట్టేవారు.

ఆ ఎర్రచీర పొరపాటే అమెరికావాళ్లూ చేశారు. 1976 జులైలో వాళ్ల వైకింగ్-1 నౌక అంగారకుడి మీద దిగి మొదటి కలర్ ఫోటో పంపితే, తొందరలో అక్కడి ఆకాశాన్ని మన ఆకాశంలా నీలంగా చూపించారు. తర్వాత ఆ దిగిన నౌక మీదే బిగించిన రంగుల చార్టుతో సరిచూసుకుంటే గులాబీ కలిసిన ఇటుకరంగు తేలింది. గాల్లో తేలే సన్నటి ధూళి వల్ల ఆ రంగు.

అంతకుముందు 1965లో అంగారకుడి పక్కనుంచి వెళ్తూ ఫోటోలు తీసిన మెరైనర్-4 నౌక ముచ్చట ఇంకా బావుంటుంది. ఒక్కో ఫోటో అందడానికి ఎనిమిది గంటలు పట్టేది. వచ్చేదేమో అంకెలు. కంప్యూటర్ ఫోటో తయారు చేసేదాకా ఆగలేక, అక్కడి ఇంజినీర్లు అంకెలు అచ్చయిన కాగితం పట్టీలను వరసగా అతికించి, ఏ అంకెకి ఏ రంగో అనుకుని, పాస్టెల్ సుద్దలతో చేత్తో రంగులేశారు. అంగారకుడి మొదటి చిత్రం అలా తయారైంది. నాన్న ఉండుంటే ఆ సంగతి చదివి వినిపించేవాణ్ణి.

మీ ప్రింటు కింద ఒక చీటీ అతికించండి: తీసిన టైములు, ఏ వెలుగుకి ఏ రంగు వేశారో. అప్పుడు మాస్టారు ఏమంటారో రాయండి.

ప్రశ్న: అపోలో ఫోటోల్లో చంద్రుడి కొండలు సినిమా సెట్టింగుల్లా, చేతికి అందేంత దగ్గరగా ఎందుకు కనిపిస్తాయి?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: గాలి లేదు కాబట్టి. తెల్లవారుజామున పులికాట్ గట్టు మీద నిలబడితే, దగ్గరి ఫ్లెమింగోలు గులాబీగా, వాటి వెనకవి పాలిపోయి, ఆ వెనకవి మంచులో గీతల్లా కనిపిస్తాయి. మన కన్ను ఆ పాలిపోవడాన్ని బట్టి కూడా దూరం లెక్కేసుకుంటుంది. చంద్రుడి మీద పది గజాల అవతలి రాయీ, పది కిలోమీటర్ల అవతలి కొండా ఒకే స్ఫుటంగా ఉంటాయి. ఫోటోలు చూసే మనమే కాదు, అక్కడ నడిచినవాళ్లూ మోసపోయారు. 1971లో అపోలో-14 వ్యోమగాములు కోన్ క్రేటర్ అనే పెద్ద గుంట అంచు వెతుక్కుంటూ వెళ్లి, దానికి చాలా దగ్గరికి చేరి కూడా ఎక్కడుందో తెలియక వెనక్కి తిరిగారు.

ప్రశ్న: హాల్లో ఫ్రేము కట్టించుకోవడానికి ఒకే ఒక్క అంతరిక్ష ఫోటో చెప్పండి. నెబ్యులా (అంతరిక్షంలోని వాయువు, ధూళి మేఘం) అయితే బావుంటుందా?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: నెబ్యులాలు నాకు పట్టుచీరల షాపులా ఉంటాయండీ. కళ్లు చెదురుతాయిగానీ కాలు మోపే నేల ఉండదు. 1968 డిసెంబరు 24న అపోలో-8 నుంచి వ్యోమగామి విలియం ఆండర్స్ తీసిన, చంద్రుడి అంచున భూమి ఉదయించే ఫోటో పెట్టుకోండి. హాసెల్‌బ్లాడ్ కెమెరా, 250 ఎం.ఎం. లెన్సు. ముందు బ్లాక్ అండ్ వైట్‌లో ఒకటి నొక్కి, కలర్ ఫిల్మ్ అందుకోమని పక్కవాళ్లను తొందరపెట్టాడు పాపం. ఏ ఫోటోగ్రాఫర్ కైనా ఆ కంగారు తెలుసు.

ఒక్క మాట. చంద్రుడి నేల కింద, భూమి పైన ఉండేట్టు అందరూ చూసేది తిప్పి అచ్చేసినది. ఆయన తీసినప్పుడు నేల కుడిపక్కన గోడలా నిలువుగా ఉంది, భూమి దాని పక్కనుంచి బయటికొస్తోంది. మా ఇంట్లో అలాగే వేలాడదీశాను. వచ్చినవాళ్లు మేకు జారిందనుకుని సరిచేయబోతుంటారు.