డివిజన్ త్రీకి వెళ్తున్న అమ్మాయిని సైనింగ్ డేలో కూర్చోబెట్టాలా? కూర్చోబెట్టండి

మీ అమ్మాయి డివిజన్ త్రీ, అంటే అమెరికా కాలేజీ ఆటల మూడు విభాగాల్లో మూడోదాంట్లో ఉన్న కాలేజీలో స్విమ్మింగ్ చేయబోతోంది, హైస్కూల్ వాళ్ళు సైనింగ్ డేకి (కాలేజీ టీమ్‌లకి వెళ్ళే పిల్లల్ని స్కూల్లో అందరి ముందు కూర్చోబెట్టి సంతకం పెట్టించే వేడుక) పేరు ఇవ్వమన్నారు, మీవారేమో "ఒక్క డాలర్ స్కాలర్‌షిప్ లేదు, అందరి ముందు కూర్చుని దేనికి సంతకం పెడుతుంది" అంటున్నారు, అంతే కదండీ. పేరు ఇచ్చేయండి. మేం డాలస్ దగ్గర ఉంటాం, మా పెద్దాడు కూడా స్విమ్మరే, వాడూ డివిజన్ త్రీకే వెళ్ళాడు, మా ఇంట్లో కూడా ఇదే చర్చ నడిచింది.

ముందు మీవారికి ఇది చెప్పండి. ఆ టేబుల్ మీద పెట్టే కాగితం అక్కడ కూర్చున్న ఎవరికైనా ఫొటో కోసమే. ఒకప్పుడు నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ అని, ఫలానా కాలేజీకే వస్తానని కట్టుబడే పత్రం ఉండేది, 1964 నుంచి నడిచింది, దాన్ని 2024 అక్టోబర్‌లో కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ తీసేసింది. ఇప్పుడు డివిజన్ వన్ పిల్లలు కూడా అసలు అగ్రిమెంట్ మీద కాలేజీతో విడిగా సంతకం చేసుకుంటారు, స్కూల్ జిమ్‌లో జరిగేది వేడుక మాత్రమే. డివిజన్ త్రీ పిల్లల కోసం ఎన్‌సీఏఏనే ఒక సెలబ్రేటరీ సైనింగ్ ఫారం పెట్టింది, దానికి ఎవరూ కట్టుబడక్కర్లేదు, అది పిల్లల సంతోషం కోసమే.

ఇక స్కాలర్‌షిప్ సంగతి. డివిజన్ త్రీలో ఆటకి డబ్బు ఇవ్వకూడదు అన్నది రూల్, మీ అమ్మాయి ఎక్కడో తక్కువైందని ఇవ్వకపోవడం కాదు. హార్వర్డ్, యేల్ లాంటి కాలేజీల ఐవీ లీగ్ డివిజన్ వన్‌లోనే ఉంది, అక్కడా ఆటకి స్కాలర్‌షిప్ ఉండదు, అయినా అక్కడికి వెళ్తుంటే మనవాళ్ళు స్వీట్లు పంచుతారు కదా! ఎంఐటీ, ఎమరీ, కార్నెగీ మెలన్, యూనివర్సిటీ ఆఫ్ చికాగో, ఇవన్నీ స్విమ్మింగ్‌లో డివిజన్ త్రీయే. ఒహాయోలో కెన్యన్ అని చిన్న కాలేజీ ఉంది, మన వాట్సాప్ గ్రూపుల్లో దాని పేరు ఎక్కడా వినపడదు, అక్కడి మెన్స్ టీమ్ 1980 నుంచి 2010 వరకు వరసగా 31 సార్లు డివిజన్ త్రీ నేషనల్ టైటిల్ కొట్టింది. ఆ స్థాయి పోటీ ఉన్నచోట టీమ్‌లో చోటు దొరకడం అంటే చిన్న విషయం కాదండీ.

అసలు ఆ చోటు ఎలా వస్తుందో పేరెంట్స్‌గా మనకే సగం కనపడదు. ఈవెంట్ల టైములన్నీ స్విమ్‌క్లౌడ్ అనే వెబ్‌సైట్‌లో ఉంటాయి, ఎవరు దాచినా దాగవు, పిల్లలే కోచ్‌లకి ఈమెయిల్స్ రాసుకోవాలి, అవతల నుంచి చాలాసార్లు జవాబే రాదు, వచ్చినవాళ్ళతో ఫోన్లో మాట్లాడాలి, తల్లిదండ్రులు పక్కన కూర్చుని అందిస్తే కోచ్‌కి నచ్చదు. చదువుకి పేరున్న కాలేజీలైతే సీనియర్ ఇయర్ ముందు వేసవిలో ప్రీ-రీడ్ అని చేస్తారు, అంటే కోచ్ మన పిల్లల ట్రాన్స్‌క్రిప్ట్ తీసుకెళ్ళి అడ్మిషన్స్ ఆఫీసులో చూపిస్తాడు, వాళ్ళు పర్లేదు అంటేనే మాట ముందుకి వెళ్తుంది. మావాడు ఆ వేసవంతా తెల్లారకముందే లేచి క్లబ్ ప్రాక్టీస్‌కి వెళ్ళి, మధ్యాహ్నం లైఫ్‌గార్డ్ డ్యూటీ చేసి, రాత్రి ఎస్సేలు రాసుకున్నాడు. ప్రీ-రీడ్ బాగుందని కోచ్ ఫోన్ చేసినప్పుడు ఇంట్లో మేం ముగ్గురమే ఉన్నాం, చప్పట్లు కొట్టడానికి ఇంకెవరూ లేరు. అందుకే నేను సైనింగ్ డే వదలొద్దంటాను, ఇన్నేళ్ళూ ఎవరూ చూడకుండా చేసిన పనికి స్కూలంతా చూసే రోజు అదొక్కటే.

మనవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. సాహిత్ తీగల పెప్పర్‌డైన్‌లో కాలేజీ గోల్ఫ్ ఆడి పీజీఏ టూర్‌కి వెళ్ళాడు, నిశేష్ బసవరెడ్డి స్టాన్‌ఫర్డ్‌లో టెన్నిస్ ఆడి ప్రొఫెషనల్ అయ్యాడు, వాళ్ళు గెలిస్తే మనం గర్వంగా షేర్ చేస్తాం, మంచిదే. కానీ మన పక్క వీధిలో రిలేలో ఈదే పిల్లని మన తెలుగు ఫంక్షన్లలో స్టేజీ మీదకి పిలవడం నేను చాలా తక్కువ చూశాను, స్కూల్ ఫస్ట్ వచ్చిన వాలెడిక్టోరియన్‌కీ స్పెల్లింగ్ బీ గెలిచినవాళ్ళకీ ఇచ్చే శాలువా వీళ్ళకీ ఇవ్వాలి, నాకైతే ఇది గట్టిగా అనిపిస్తుంది. మీ ఊరి తెలుగు సంఘం వాళ్ళకి మీరే మెసేజ్ పెట్టండి, అడగడంలో తప్పేం లేదు.

ఒక్క జాగ్రత్త, అడ్మిషన్ చేతికి వచ్చాకే కూర్చోబెట్టండి. ఎర్లీ డెసిషన్, అంటే సీటొస్తే అక్కడికే వస్తానని ఒకే కాలేజీకి ముందుగా పెట్టే అప్లికేషన్, దాని రిజల్ట్స్ మామూలుగా డిసెంబర్ మధ్యలో వస్తాయి, కాబట్టి నవంబర్ సెర్మనీకి తొందరపడొద్దు, చాలా స్కూళ్ళు ఫిబ్రవరిలోనో స్ప్రింగ్‌లోనో ఇంకోటి పెడతాయి, అథ్లెటిక్ కోఆర్డినేటర్‌ని అడిగితే చెప్తారు. కాలేజీ టీషర్ట్, టోపీ ముందే ఆర్డర్ చేయండి, షిప్పింగ్ లేటవుతుంది. పేరెలా పలకాలో మైకు పట్టుకునేవాళ్ళకి వాయిస్ మెసేజ్ పంపండి, మన ఇంటిపేర్లు వాళ్ళ నోరు తిరగవు, లోకల్ పేపర్‌కి ఫొటో పంపేటప్పుడు స్పెల్లింగ్ కూడా మీరే చూసుకోండి. ఇండియాలో అమ్మమ్మ తాతయ్యలు ఉంటే వీడియో కాల్‌కి టైమ్ ముందే చెప్పి పెట్టండి, ఇక్కడ పొద్దున జరిగితే వాళ్ళకి రాత్రి అవుతుంది. మీవారిని అమ్మాయి పక్క కుర్చీలో కూర్చోమనండి, తల్లిదండ్రులిద్దరికీ అక్కడ కుర్చీ వేస్తారు.