గుర్తులు కలిశాయి సరే, చైను వదులు ఏ పక్కన ఉంది?

రాజాం మిత్రుడు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. 1200 సీసీ, నాలుగు సిలిండర్లు, రెండు క్యామ్‌షాఫ్టులు (వాల్వులను తెరిచి మూసే ఇరుసులు) ఉన్న పెట్రోలు కారు ఇంజినును ఆయన దించి, బోరు చేయించి, హెడ్డుకు ఫేసింగ్ (అడుగు తలాన్ని కొద్దిగా గీసి చదును చేయడం) చేయించి, క్రాంక్‌నూ క్యామ్‌లనూ కలిపే కొత్త టైమింగ్ చైన్ కిట్ వేసి కడుతున్నారు. చైనులోని రంగు లింకులను స్ప్రాకెట్ల (పళ్ల చక్రాల) మీది గుర్తులకు కలిపి బిగించారు. తర్వాత క్రాంక్‌ను (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసును) చేత్తో రెండు చుట్లు తిప్పి చూస్తే రంగు లింకులు ఎక్కడికో జరిగిపోయాయి, క్యామ్ గుర్తులు కూడా అర పన్ను మేర వెనుకబడినట్టు కనిపిస్తున్నాయి. హెడ్డు ఫేసింగ్ అయింది కాబట్టి ఆ మాత్రం తేడా ఉంటుందని, కవరు మూసేయవచ్చని పక్కనున్న మెకానిక్ చెప్పారట. మూసేయవచ్చా అన్నది ప్రశ్న.

ఇప్పుడే మూయకండి. మీరు చెప్పిన రెండు విషయాల్లో మొదటిది సహజం, రెండోది సహజం కాదు.

రంగు లింకులు చైనును మొదటిసారి ఎక్కించడానికి మాత్రమే పనికివస్తాయి. క్రాంక్ స్ప్రాకెట్‌కు 18 పళ్లు, క్యామ్ స్ప్రాకెట్‌కు 36 పళ్లు, చైనుకు 130 లింకులు ఉన్నాయనుకుందాం. క్రాంక్ ఒక చుట్టు తిరిగితే 18 లింకులు ముందుకు జరుగుతాయి. 18ని ఎన్నిసార్లు వేస్తే 130తో నిశ్శేషంగా భాగించబడుతుందో లెక్కవేస్తే 65 చుట్లు వస్తాయి. అప్పుడు క్యామ్ ముప్పైరెండున్నర చుట్లు మాత్రమే తిరిగి ఉంటుంది కాబట్టి, రంగు లింకులన్నీ మళ్లీ తమ తమ గుర్తుల ఎదుటికి రావాలంటే క్రాంక్ 130 చుట్లు తిరగాలి. మీ ఇంజినులో సంఖ్యలు వేరుగా ఉండవచ్చు గానీ వరుస ఇదే. రెండు చుట్లకు తిరిగి రావలసినవి స్ప్రాకెట్ల మీది గుర్తులే. క్రాంక్ రెండు చుట్లకు క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది కాబట్టి అవి తప్పకుండా రావాలి. మీవి రాలేదు. ఇక్కడే ఆగి ఆలోచించాలి.

ఫేసింగ్ వల్ల ఈ తేడా వచ్చిందన్న మాట మన వైపు షెడ్లలో తరచుగా వినబడుతుంది. హెడ్డు కిందికి దిగితే క్యామ్ కొంచెం వెనుకబడుతుందన్నది నిజమే; ఎంత వెనుకబడుతుందన్నది ఎవరూ లెక్కవేయరు. లేత్ వర్క్స్‌లో 0.2 మిల్లీమీటర్లు తీశారనుకుందాం. క్యామ్ స్ప్రాకెట్ వ్యాసార్ధం సుమారు 46 మిల్లీమీటర్లు ఉంటే ఆ 0.2 మిల్లీమీటర్ల వల్ల క్యామ్ తిరిగేది పావు డిగ్రీ, క్రాంక్ లెక్కలో అర డిగ్రీ. అదే 36 పళ్ల స్ప్రాకెట్‌లో అర పన్ను అంటే క్యామ్ మీద 5 డిగ్రీలు, క్రాంక్ మీద 10 డిగ్రీలు. ఫేసింగ్ వల్ల ఆ తేడా రావాలంటే హెడ్డు నుంచి 4 మిల్లీమీటర్ల లోహం తీసి ఉండాలి. అంత తీస్తే ఆ హెడ్డు మళ్లీ బిగించడానికే పనికిరాదు.

ఇంకో సంగతి కూడా గమనించండి. చైను రెండు స్ప్రాకెట్ల మధ్య బిగువుగా ఉన్నప్పుడు తప్పు జరిగితే అది ఒక పన్ను, లేదా రెండు పళ్లుగా కనిపిస్తుంది, అర పన్నుగా కాదు. అర పన్ను కనిపించిందంటే సాధారణంగా చైను వదులు ఉండకూడని పక్కన ఉందని గానీ, క్రాంక్ గుర్తు దాటిపోయిందని గానీ, వీవీటీ (వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే ఏర్పాటు) ఉన్న ఇంజిన్ అయితే దాని స్ప్రాకెట్ లాక్ కాలేదని గానీ అనుమానించాలి. చివరికి, వంగి పక్క నుంచి చూసినా అర పన్ను తేడాగా కనిపిస్తుంది కాబట్టి గుర్తును ఎప్పుడూ ఎదురుగా నిలబడి చూడాలి.

వీటిలో ఎక్కువగా జరిగేది మొదటిది. అది ఎందుకు అంత తరచుగా జరుగుతుందో నాకు తోచిన కారణం ఒకటి చెబుతాను. మన ఉత్తరాంధ్రలో పాత తరం మేస్త్రీలు చాలామంది సాలూరు లారీల మీద పని నేర్చుకున్నవారే. ఆ పెద్ద డీజిల్ ఇంజిన్లలో క్రాంక్‌కూ క్యామ్‌కూ మధ్య చైను ఉండదు, గేర్లు ఉంటాయి. గేరు మీది చుక్కకు ఎదుటి గేరు చుక్క కలిపితే పని పూర్తయినట్టే, ఎందుకంటే పంటిలో పన్ను కూర్చున్నాక వదులుకు చోటే లేదు. అంబాసిడర్ పెట్రోలు ఇంజినులో చైను ఉన్నా అది పొట్టిది. రెండు స్ప్రాకెట్లను చైనుతో సహా చుక్కకు చుక్క ఎదురెదురుగా పట్టుకొని ఒకేసారి తోసేవారు. ఆ అలవాటుతో నేటి ఇంజిన్ ముందు నిలబడితే, క్రాంక్ నుంచి హెడ్డు మీది రెండు క్యామ్‌ల దాకా సాగే పొడవాటి చైనులో గుర్తులు కలిసినంత మాత్రాన సరిపోదన్న సంగతి తట్టదు. నాకు పని నేర్పిన పెద్దాయన మాత్రం లారీల మీద నుంచే వచ్చినా ఈ ముక్క మొదటి రోజే చెప్పారు: "గుర్తులు కలిసినాయని సంబరపడిపోకు బాబూ, వొదులు ఏ పక్కనుందో సూడు."

ఆ మాట అర్థం కావాలంటే చైనును ఎవరు లాగుతున్నారో చూడాలి. సాధారణంగా ఇంజినును పుల్లీ వైపు నుంచి చూస్తే క్రాంక్ గడియారం ముళ్ల దిశలో తిరుగుతుంది. అప్పుడు మనకు కుడి పక్కన కనిపించే చైనును క్రాంక్ కిందికి లాగుతుంది. అది ఎప్పుడూ బిగువుగా ఉండే పక్క, అక్కడ కదలని గైడు ఉంటుంది. ఎడమ పక్కన చైను పైకి వెళుతుంది. మిగిలిన వదులంతా అటే చేరుతుంది, అందుకే ఆ వదులును తీసే టెన్షనరూ, చైనును నెట్టే దాని ఆర్మూ అటు పెట్టారు. క్యామ్ ఏ స్థానంలో నిలుస్తుందో నిర్ణయించేది బిగువు పక్క చైను పొడవు. మీరు గుర్తులు కలిపేటప్పుడు ఆ కుడి పక్కన వదులు మిగిలి ఉంటే గుర్తులు కలిసినట్టే కనిపిస్తాయి గానీ, టెన్షనర్ పిన్ను లాగి క్రాంక్ తిప్పగానే ఆ వదులు ఎడమ పక్కకు పోయి, క్యామ్ ఆ మేరకు వెనుకబడుతుంది. మీకు జరిగింది ఇదేనని నా అంచనా.

అందువల్ల చైనును మళ్లీ విప్పి ఈ వరుసలో ఎక్కించండి. వాల్వులు పిస్టన్లకు తగిలే రకం ఇంజినయితే, టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకి చేరే స్థానం) దగ్గర పిస్టన్లు పైనుండగా చైను లేకుండా క్యామ్‌లను తిప్పకూడదు. ముందు క్రాంక్‌ను టీడీసీ నుంచి 90 డిగ్రీలు తిప్పి నాలుగు పిస్టన్లనూ బోరు మధ్యకు తెచ్చుకుని, క్యామ్‌లను వాటి గుర్తులకు తెచ్చి, ఆ తర్వాతే క్రాంక్‌ను దాని గుర్తుకు తేవాలి. క్రాంక్ గుర్తు ఎక్కడ ఉండాలో మీ ఇంజిన్ సర్వీస్ మాన్యువల్‌లో చూడండి. చైను ఎక్కించే స్థానం అన్ని ఇంజిన్లలోనూ టీడీసీయే అయి ఉండనక్కరలేదు. ప్లగ్గు రంధ్రంలో స్క్రూడ్రైవర్ పెట్టి పిస్టన్ పైకి వచ్చిందని తేల్చే పద్ధతిని ఈ పనికి నమ్మవద్దు. 75 మిల్లీమీటర్ల స్ట్రోకు ఉన్న ఇంజినులో క్రాంక్ 5 డిగ్రీలు దాటినా పిస్టన్ 0.2 మిల్లీమీటర్లు కూడా దిగదు, చేతికి తెలియదు.

వీవీటీ స్ప్రాకెట్ ఉంటే దాన్ని ముందుగా చేత్తో మెల్లగా అటూ ఇటూ తిప్పి చూడండి. లోపలి లాక్ పిన్ను కూర్చుని ఉంటే అది క్యామ్‌తో కలిసి ఒకే ముక్కగా కదులుతుంది. కూర్చోకపోతే కొద్ది డిగ్రీలు జారుతుంది, ఆ స్థితిలో ఎన్ని గుర్తులు కలిపినా ప్రయోజనం లేదు.

చైనుకు ఇంజిన్ ఆయిలు పూసి, క్రాంక్ స్ప్రాకెట్‌కు ముందు తగిలించి, కుడి పక్కన దాన్ని నిటారుగా లాగిపట్టి, గైడుకు ఆనుకునేలా ఉంచుతూ ఆ పక్కనున్న క్యామ్‌కు ఎక్కించాలి. తర్వాత రెండు క్యామ్‌ల మధ్య భాగం బిగువుగా ఉండేలా రెండో క్యామ్‌కు ఎక్కించి, మిగిలిన వదులంతా ఎడమ పక్కకు దించాలి. అప్పుడు బొటనవేలితో కుడి పక్క చైనును నొక్కి చూడండి. అది గైడు మీద తీగలా గట్టిగా తగలాలి, ఎడమ పక్క మాత్రం వేలికి లొంగాలి. కుడి పక్క లొంగితే, గుర్తులు ఎంత చక్కగా కలిసినా విప్పి ఒక పన్ను మార్చి చూడవలసిందే. టెన్షనర్ ప్లంజర్‌ను లోపలికి నొక్కి పిన్ను పెట్టి బిగించి, అన్నీ సరిచూసుకున్నాకే పిన్ను లాగండి. ప్లంజర్ టక్కున బయటికి వచ్చి ఆర్మును నెట్టాలి. ఆ శబ్దం రాకపోయినా, ఆర్ము కదలకపోయినా టెన్షనర్ ఇరుక్కుందని అర్థం; అది ఇరుక్కుని ఉండగా క్రాంక్ తిప్పితే చైను పన్ను దాటవచ్చు.

ఇక చేత్తో తిప్పడం. ప్లగ్గులన్నీ విప్పి, క్రాంక్ బోల్టుకు పొడుగు రించి వేసి, ఇంజిన్ తిరిగే దిశలోనే నిదానంగా రెండు చుట్లు తిప్పండి. గుర్తు దగ్గరకు వచ్చాక కొంచెం దాటిపోతే వెనక్కి తిప్పవద్దు. మళ్లీ రెండు చుట్లు ముందుకే తిప్పి రండి. వెనక్కి తిప్పితే వదులు మళ్లీ కుడి పక్కకు వచ్చి, ఉన్న తప్పు దాగుతుంది, లేని తప్పు కనిపిస్తుంది. తిప్పేటప్పుడు వాల్వు స్ప్రింగుల వల్ల ఒకచోట బరువుగా, ఒకచోట తనంతట తాను జారినట్టుగా అనిపించడం సహజం. కానీ ఒకచోట రించి గోడకు తగిలినట్టు ఠక్కున ఆగిపోతే, వాల్వు పిస్టన్‌కు తగిలిందని అనుకుని అక్కడే వదిలేయండి. పొడుగు పైపు తొడిగి బలం పెడితే కొత్త వాల్వు వంగుతుంది.

టీడీసీ కంప్రెషన్‌లో (గాలిని నొక్కే స్ట్రోకులో) ఉందా ఎగ్జాస్ట్‌లో (పొగను నెట్టే స్ట్రోకులో) ఉందా అని కొందరు ఇక్కడ తికమక పడతారు. చైను క్రాంక్ గుర్తుకూ క్యామ్ గుర్తులకూ కలిసి ఉంటే ఆ ప్రశ్నకు క్యామే సమాధానం చెబుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజినులో మొదటిది కంప్రెషన్ టీడీసీలో ఉన్నప్పుడు నాలుగోదాని ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కొంచెం కొంచెం తెరుచుకుని, ఒకటి మూసుకుంటూ మరొకటి తెరుచుకుంటూ ఉంటాయి. గుర్తులు చెరిగిపోయిన పాత స్ప్రాకెట్లతో పని చేయవలసి వచ్చినప్పుడు ఈ ఆనవాలు బాగా అక్కరకు వస్తుంది.

గుర్తుల్లో తేడాను ఇలా వదిలేస్తే ఏమవుతుందో చెప్పడానికి విజయనగరంలో మా షెడ్డుకు గజపతినగరం వైపు నుంచి తాడు కట్టి లాక్కొచ్చిన ఒక కారు సంగతి చెబుతాను. వేరేచోట ఇంజిన్ పూర్తిగా కట్టించారు. సెల్ఫ్ కొడితే చాలాసేపటికి గానీ అందుకునేది కాదు, అందుకున్నాక పికప్ లేదు, మధ్యమధ్యలో ఇన్‌టేక్ నుంచి దగ్గినట్టు శబ్దం. రింగులు సరిగా కూర్చోలేదని, మళ్లీ బోరు చేయించాలని యజమానికి చెప్పారట. కంప్రెషన్ గేజి పెడితే నాలుగు సిలిండర్లలోనూ తక్కువే, కానీ నాలుగింటిలోనూ ఒకే తీరున తక్కువ. రింగులో వాల్వులో చెడితే నాలుగూ ఇలా కూడబలుక్కుని చెడవు. వాల్వు కవరు విప్పి, క్రాంక్‌ను గుర్తుకు తెచ్చి చూస్తే రెండు క్యామ్‌లూ సరిగ్గా ఒక పన్ను వెనుక ఉన్నాయి. ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకోవడం వల్ల పైకి వస్తున్న పిస్టన్ గాలిని మళ్లీ మ్యానిఫోల్డ్‌లోకే నెడుతోంది. అక్కడా ఫేసింగ్ వల్లనే గుర్తులు కలవలేదని మూసేశారట. బోరు జోలికి పోకుండా చైను సరిచేస్తే కంప్రెషన్ పూర్తిగా తిరిగి వచ్చింది. ఒక పన్ను తేడాకు ఆ ఇంజినులో వాల్వులు తగలకపోవడం యజమాని అదృష్టం. స్కానర్ ఉన్నవారికి ఇలాంటి చోట పీ0016 అనే కోడ్ కనిపించవచ్చు. క్రాంక్ సెన్సరూ క్యామ్ సెన్సరూ చెప్పే స్థానాలు పొసగడం లేదని దాని అర్థం. ఆ కోడ్ చూసి సెన్సర్లు మార్చేవారూ ఉన్నారు.

గుర్తులు కలిశాక ముందు కవరు మూసేటప్పుడు సీలెంట్ సన్నని గీతగా వేయండి. లోపలికి ఉబికినది ఊడి ఆయిల్ ఛాంబర్లో (ఇంజిన్ అడుగున ఆయిలు నిలిచే తొట్టిలో) పడితే ఆయిల్ జల్లెడకు అడ్డుపడుతుంది, ఆయిల్ ప్రెజర్ మీదే ఆధారపడిన టెన్షనర్ మొదట దెబ్బతింటుంది. సీలెంట్ ఆరడానికి డబ్బా మీద రాసిన సమయం ఇచ్చాకే ఆయిలు పోయండి. మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ప్లగ్గులు లేకుండా, ఇంధనం అందకుండా చేసి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్‌ను కొద్ది కొద్దిగా ఆపి ఆపి కొట్టండి. స్టార్ట్ కాగానే టెన్షనర్లోకి ఆయిలు చేరేలోపు చైను ఒకటి రెండు సెకన్లు గలగలమనవచ్చు. అది ఆగకుండా కొనసాగితే యాక్సిలరేటర్ తొక్కకుండా వెంటనే ఇంజిన్ ఆపి, ముందు ఆయిల్ ప్రెజర్ చూసి, అది సరిగా ఉంటేనే టెన్షనర్ వైపు వెళ్లండి.