మెటీరియల్స్ ఇంజినీరింగ్ చదివితే ఉద్యోగాలు ఉంటాయా?

"మెటీరియల్స్‌లో సీటు వచ్చింది, ఇంట్లోవాళ్లు మెకానికల్ తీసుకోమంటున్నారు, ఏం చేయాలి?" అని అడిగారు. లోహాల్లాంటి పదార్థాల లోపలి నిర్మాణం, గుణాల గురించి చెప్పే ఈ బ్రాంచే నేను చదివింది, చేస్తున్నదీ ఇదే పని. మీకు నిజంగా ఇష్టముంటే వదులుకోకండి.

నాకు ఇష్టం పుట్టింది క్లాసులో కాదు, ల్యాబ్‌లో. 0.8 శాతం కార్బన్ ఉన్న ఒకే ఉక్కు కడ్డీ నుంచి రెండు ముక్కలు కోసి, రెండింటినీ ఎర్రగా కాల్చాం. ఒకటి నీళ్లలో ముంచాం, రెండోది కొలిమిలోనే మెల్లగా చల్లారనిచ్చాం. మెల్లగా చల్లారిన ముక్కను ఆకురాయి సులువుగా అరగదీసింది. నీళ్లలో ముంచినదాని మీద జారిపోయింది, సుత్తితో కొడితే ఆ ముక్క పుటుక్కున విరిగింది. మైక్రోస్కోప్‌లో చూస్తే మెల్లగా చల్లారినదాంట్లో పొరలు పొరలుగా ఉండే నిర్మాణం, దాని పేరు పెర్లైట్; నీళ్లలో ముంచినదాంట్లో సూదుల్లాంటి గట్టి నిర్మాణం, అది మార్టెన్‌సైట్. లోహం ఒకటే, కార్బన్ కదలడానికి దొరికిన టైమే వేరు. ఎంత కార్బన్‌తో, ఎంత వేడి దగ్గర ఉక్కు లోపల ఏ రూపంలో ఉంటుందో చూపే ఫేజ్ డయాగ్రమ్‌ను అంతవరకూ బట్టీపట్టాను, ఆ రోజు అర్థమైంది.

నా మొదటి ఉద్యోగం, విరిగిన భాగాలు ఎందుకు విరిగాయో తేల్చే ల్యాబ్‌లో. ఒకసారి ఒక షాఫ్ట్ (యంత్రంలో తిరిగే ఇరుసు) వచ్చింది. ఉక్కే నాసిరకం అని పంపినవాళ్ల అనుమానం. పరీక్షిస్తే ఉక్కు సరిగ్గానే ఉంది. విరిగిన ముఖం మీద మాత్రం నీటి అలల్లాంటి గీతలు, అన్నీ కీవే (చక్రాన్ని బిగించే కీ కోసం షాఫ్ట్‌లో కోసిన గాడి) మూల దగ్గరే మొదలయ్యాయి. ఫెటీగ్ అన్నమాట, అంటే మళ్లీమళ్లీ పడే ఒత్తిడికి లోహం మెల్లగా పగలడం. ఆ మూలను గుండ్రంగా చేయకుండా పదునుగా వదిలేయడంతో పగులు అక్కడ పుట్టి రోజురోజుకీ కొంచెం కొంచెం పెరిగింది. ఉక్కు మార్చక్కర్లేదు, డ్రాయింగ్‌లో ఆ మూల గుండ్రదనాన్ని చెప్పే ఒక్క రేడియస్ మార్చితే చాలని రాసిచ్చాం.

ఉద్యోగాల సంగతికొస్తే, "మెటీరియల్స్ ఇంజినీర్" అన్న పేరుతో ప్రకటనలు తక్కువే. క్వాలిటీ, ప్రాసెస్, కొరోషన్ (తుప్పు), వెల్డింగ్, రిలయబిలిటీ అని వెతకండి. ఉక్కు కర్మాగారాలే కాదు, చిప్‌లు, బ్యాటరీలు, టైటానియం ఇంప్లాంట్‌లు, పైప్‌లైన్‌లు అన్నిచోట్లా మనవాళ్లు కావాలి. జెట్ ఇంజిన్‌లో నికెల్ మిశ్రమలోహపు బ్లేడ్‌లు తమ ద్రవీభవన స్థానాన్ని మించిన వేడి వాయువుల మధ్య తిరుగుతాయి. లోపలి గాలి దారులు, పైన సిరామిక్ పూత వాటిని కాపాడతాయి. ఇలాంటి పరిశోధన వైపు వెళ్లాలంటే బీటెక్ సరిపోదు, మాస్టర్స్ గానీ పీహెచ్‌డీ గానీ చేయాల్సిందే.

డిగ్రీ అవగానే ఎక్కువ ఖాళీలు కనపడాలనుకుంటే మెకానికల్ మేలు, అది దాచను. నిర్ణయం తీసుకునేలోపు వీలైతే ఏదైనా కాలేజీ మెటలర్జీ ల్యాబ్‌కి వెళ్లి, పాలిష్ చేసిన ఉక్కు ముక్కను ఒక్కసారి మైక్రోస్కోప్‌లో చూసి రండి.