డాక్టర్ సలహా: జీన్ రిపోర్టు కన్నా ముందు ఆ కాళ్ల తిమ్మిరి చూడాలి

ప్రశ్న: మా అమ్మకు 54 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్ వెన్నెముకకు పాకింది. గడ్డ ముక్క పరీక్షలో బీఆర్‌సీఏ2, టీపీ53 జీన్లలో మ్యుటేషన్లు (మార్పులు) ఉన్నాయన్నారు. నెల నుంచి క్యాన్సర్ మాత్ర లెట్రోజోల్ ఆపేసి పసరు మందు తాగుతోంది. నడుము నొప్పికి మెడికల్ షాపు మాత్రలు వేసుకుంటోంది. రెండ్రోజులుగా కాళ్లు తిమ్మిరి. నాకు 29, ఒక పాప. ఇది మాకూ వస్తుందా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: జీన్ల సంగతి తర్వాత. వెన్నెముకలో క్యాన్సర్ ఉన్నవాళ్లకు నడుము నొప్పితో పాటు కాళ్లు తిమ్మిరెక్కితే వెన్నుపాము నొక్కుకుపోతోందేమోనని ముందు అనుమానించాలి. ఇవాళే బయల్దేరండి, రేపటికి పెట్టుకోవద్దు. కడప రిమ్స్‌కైనా, కర్నూలు స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కైనా సరే. ఆటోలో కూర్చోబెట్టకండి, 108 పిలిపించి పడుకోబెట్టి తీసుకెళ్లండి. వెన్నెముక మొత్తానికి ఎమ్మారై 24 గంటల్లో జరగాలి. అవసరమైతే వాపు తగ్గించే డెక్సామెథాసోన్ ఇచ్చి, రేడియేషనో ఆపరేషనో చేస్తారు. నడుస్తుండగా చికిత్స మొదలైతే నడక నిలిచే అవకాశం ఎక్కువ. కాళ్లు పడిపోయాక తిరిగి రావడం కష్టం. మూత్రం ఆగినా, తెలియకుండా పోతున్నా అది ఇంకా ప్రమాదం.

మాత్రతో నొప్పి తగ్గిందని ఇన్నాళ్లు ఊరుకున్నారు కదమ్మా, నా బాధ అదే. నొప్పి మాత్ర జబ్బును ఆపదు, దాన్ని కనపడకుండా చేస్తుంది. డైక్లోఫెనాక్ లాంటివి రోజూ మింగితే కిడ్నీలు దెబ్బతినవచ్చు. ఎముకలకిచ్చే జొలెడ్రోనిక్ యాసిడ్ డోసు కిడ్నీల పనితీరును బట్టే వేస్తారు. పసరులో ఏం కలుపుతారో మనకు తెలియదు, లివర్ పరీక్ష కూడా చేయించాలి.

ఇక మీ ప్రశ్న. బీఆర్‌సీఏ2 తెగిన డీఎన్‌ఏను బాగుచేస్తుంది, టీపీ53 చెడిన కణాన్ని ఆపుతుంది. గడ్డలో కనిపించిన మార్పు పుట్టుకతో వచ్చిందో, గడ్డలోనే పుట్టిందో ఆ ముక్క ఒక్కటే చెప్పలేదు. టీపీ53 మార్పు చాలావరకు గడ్డలోనే పుడుతుంది. అమ్మగారికి రక్తంతో చేసే జన్యు పరీక్ష కావాలి. అందులో బీఆర్‌సీఏ2 మార్పు తేలి, గడ్డలో హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా లేకపోతే (హెర్2 నెగటివ్) ఓలాపరిబ్ అనే క్యాన్సర్ మాత్రలకు దారి ఉంటుంది. వాటితో రక్తకణాలు పడిపోవచ్చు కాబట్టి మొదట్లో నెలనెలా సీబీసీ (రక్తకణాల లెక్క) తప్పదు.

అమ్మ రక్తంలో తేలితేనే మీకు పరీక్ష, అదీ ఆ ఒక్క మార్పుకే. ఆ మార్పు మీకు వచ్చి ఉండడానికి సగం అవకాశం, అన్నదమ్ములకూ అంతే. మీకూ బీఆర్‌సీఏ2 మార్పు ఉందంటే ఇప్పటినుంచే ఏటా రొమ్ము ఎమ్మారై, 30 నుంచి మామోగ్రామ్ కూడా. బీఆర్‌సీఏ2 మార్పుకైతే పాపకు పెద్దయ్యేదాకా పరీక్ష అక్కర్లేదు.

చూడకుండా రాస్తున్నాను, అక్కడి డాక్టరు మాటే ఆఖరు. లెట్రోజోల్ ఏ తేదీన ఆపారో వాళ్లకు చెప్పండి. మింగిన మాత్రల పట్టీలు, ఆ పసరు సీసా, పాత రిపోర్టులు అన్నీ వెంట తీసుకెళ్లండి.