గ్రాంటు రాకపోతే ఉద్యోగం పోతుందా? ఒక తండ్రికి సమాధానం

ప్రశ్న: మా అమ్మాయి మొక్కల వేర్లకు, నేలలోని శిలీంధ్రాలకు మధ్య జరిగే పోషకాల మార్పిడిపై పీహెచ్‌డీ చేసి, ప్రస్తుతం పోస్ట్‌డాక్‌గా (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగంలో) పనిచేస్తోంది. అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయం, నెదర్లాండ్స్‌లోని మరో విశ్వవిద్యాలయం అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగం ఇస్తామన్నాయి. అమెరికా వారు ప్రయోగశాల ఏర్పాటుకు పెద్ద మొత్తం ఇస్తారు కాని, ఆరో సంవత్సరంలో టెన్యూర్ సమీక్ష, అంటే ఉద్యోగాన్ని పర్మనెంట్ చేయాలా వద్దా అని తేల్చే సమీక్ష, ఉంటుంది. నెదర్లాండ్స్ వారిచ్చే మొత్తం చిన్నది, బోధన ఎక్కువ, ఉద్యోగం మాత్రం త్వరగా పర్మనెంట్ అవుతుందట. ఆమె రాసిన గ్రాంటు దరఖాస్తు ఒకటి ఈ మధ్యే తిరస్కరించారు. ఇంత చదివి, ప్రొఫెసర్ అయ్యాక కూడా డబ్బు కోసం అర్థిస్తూ ఉండాలా? గ్రాంటు రాకపోతే ఉద్యోగం పోతుందా? ప్రతి వారం ఫోనులో ఈ సంగతే అడుగుతుంటే అమ్మాయి చిరాకు పడుతోంది. ఏఐ వైపు మారితే నిధులు సులభంగా వస్తాయని, డబ్బు తీసుకుని ప్రతిపాదనలు రాసిపెట్టేవారు ఉన్నారని మా బావమరిది అంటున్నాడు. రెండు ఉద్యోగాలను పోల్చి ఏది మంచిదో చెప్పగలరు.

సమాధానం: పోల్చి చెప్పమన్నారు కాబట్టి ఆ పని తప్పకుండా చేస్తాను. అయితే ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తుంటాయి. వాటిలో అడిగే ప్రశ్న రెండు ఉద్యోగాల గురించే అయినా, రాసినవారిని నిద్రపోనివ్వని విషయం వేరే ఉంటుంది. బడి నుంచి డాక్టరేట్ వరకు మొదటి వరుసలో నిలిచిన అమ్మాయిని ముఖం తెలియని కొందరు సమీక్షకులు కాదన్నారు. ఇకపై జీవితమంతా ఇలాంటి తీర్పుల మీదే ఆధారపడాల్సి వస్తుందేమోనని మీరు భయపడుతున్నారు. ముందు ఆ భయం సంగతి చూద్దాం. దరఖాస్తు ఎలా రాయాలి, గడువు తేదీలు ఎప్పుడు వంటివి మీ అమ్మాయికి నాకంటే బాగా తెలుసు కనుక వాటి జోలికి వెళ్లను.

గ్రాంటు జీతం కాదు. ఆ డబ్బు ప్రొఫెసర్ బ్యాంకు ఖాతాలోకి రాదు. నిధులిచ్చే సంస్థ దాన్ని విశ్వవిద్యాలయానికి ఇస్తుంది, విశ్వవిద్యాలయం లెక్కలు చూస్తుంది, ప్రొఫెసర్ ఆమోదించిన బడ్జెట్ మేరకు పరిశోధనకు ఖర్చు చేస్తారు. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు తొమ్మిది నెలల బోధనా కాలానికి జీతం ఇస్తాయి. వేసవి నెలలకు జీతం కావాలంటే దాన్ని గ్రాంటులో చూపించుకోవాలి, అందులోనూ అమెరికా ప్రభుత్వం తరఫున శాస్త్ర పరిశోధనకు నిధులిచ్చే నేషనల్ సైన్స్ ఫౌండేషన్ సాధారణంగా ఏడాదికి రెండు నెలలకు మించి అనుమతించదు. కాబట్టి గ్రాంటు రాని ఏడాది వేసవి ఆదాయం తగ్గవచ్చు, తొమ్మిది నెలల జీతం మాత్రం ఆగదు. దీనికి ముఖ్యమైన మినహాయింపు ఒకటి ఉంది. వైద్య కళాశాలల్లోను, కొన్ని పరిశోధనా సంస్థల్లోను జీతంలో కొంత భాగాన్ని గ్రాంట్ల నుంచే సంపాదించుకోవాలనే షరతు ఉంటుంది. అలాంటి షరతు ఈ ఉద్యోగంలో ఉందో లేదో నియామక పత్రంలో చూడమనండి. మీ భయంలో నిజమెంతో ఆ వాక్యాన్ని బట్టి, టెన్యూర్ షరతులను బట్టి తేలుతుంది.

మరో విషయం కొంచెం కటువుగానే చెప్పాలి. గ్రాంటు మొత్తాలను బంధువుల దగ్గర అమ్మాయి సంపాదనగా చెప్పుకునే తల్లిదండ్రులను చాలామందిని చూశాను. మీకు ఆ అలవాటు ఉంటే ఈ రోజే మానుకోండి. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ కొత్త అధ్యాపకులకు ఇచ్చే కెరీర్ గ్రాంటునే తీసుకోండి. అయిదేళ్లకు కనీసం 4 లక్షల డాలర్లు, జీవశాస్త్రం వంటి విభాగాల్లో కనీసం 5 లక్షల డాలర్లు ఇస్తారు. వినడానికి పెద్ద మొత్తమే. అందులో భవనాలు, విద్యుత్తు, పరిపాలన కోసం విశ్వవిద్యాలయం తీసుకునే పరోక్ష ఖర్చుల వాటా ఉంటుంది, దాన్నే ఓవర్‌హెడ్ అంటారు. ఆ రేటు 50 శాతం అనుకుంటే, సుమారు లెక్కలో 5 లక్షల డాలర్ల నుంచి పరిశోధనకు మిగిలేది దాదాపు 3.33 లక్షలు, అంటే ఏడాదికి 66 వేల పైచిలుకు డాలర్లు. ఒక్క డాక్టరేట్ విద్యార్థి స్టైపెండ్, ట్యూషన్ ఫీజు, ఆరోగ్య బీమాకే అందులో అధిక భాగం పోతుంది. యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ గ్రాంట్లలో ఈ వాటా ప్రత్యక్ష ఖర్చులపై 25 శాతంగా స్థిరంగా ఉంటుంది కనుక అక్కడ లెక్క కొంత తేలిక. ఏ దేశంలో చూసినా ఆ డబ్బు ఒక చిన్న బృందం కొన్నేళ్లు పనిచేయడానికి సరిపోయే ఖర్చు మాత్రమే.

'అర్థించడం' అని మీరు రాసిన మాట నన్ను బాధపెట్టింది. ఫలానా ప్రశ్నకు ఇన్నేళ్లలో ఈ పద్ధతిలో జవాబు వెతుకుతాను, ఇంత ఖర్చవుతుంది, ఫలితాలను ఇలా అందరికీ అందిస్తాను అని ఒక పరిశోధకురాలు రాతపూర్వకంగా చెప్పి, తోటి శాస్త్రవేత్తల పరీక్షకు నిలబడుతుంది. ప్రజల పన్నుల డబ్బును ఖర్చు చేయడానికి అంతకంటే గౌరవప్రదమైన దారి నాకు తెలియదు. ఆ పనిని చిన్నతనంగా భావించే మాట ఇంట్లోనే వినబడితే, బయటివారు తిరస్కరించినప్పటి కంటే ఎక్కువ బాధ కలుగుతుంది.

ఇక తిరస్కరణ సంగతి. పరీక్షల్లో వచ్చిన ర్యాంకులతో పిల్లల ప్రతిభను కొలవడానికి మనం అలవాటుపడ్డాం. గ్రాంటు సమీక్ష ఆ పద్ధతిలో నడవదు. అమెరికాలో వైద్య పరిశోధనకు నిధులిచ్చే నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌కు వచ్చిన 25 దరఖాస్తులను 43 మంది సమీక్షకులతో మదింపు చేయించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే దరఖాస్తుకు వేర్వేరు సమీక్షకులు ఇచ్చిన మార్కుల మధ్య పొందిక దాదాపు కనిపించలేదు. పనికిరాని దరఖాస్తులను సమీక్షకులు గుర్తించగలరు. బాగున్నవాటిలో ఏది మరింత బాగుందో తేల్చడంలోనే వారి అభిప్రాయాలు వేరవుతాయి. నిధులిచ్చే సంస్థలకూ ఇది తెలుసు. న్యూజిలాండ్‌లోని హెల్త్ రీసెర్చ్ కౌన్సిల్ 2013 నుంచి ఒక తరహా గ్రాంట్లకు, బ్రిటిష్ అకాడమీ 2022 నుంచి తన చిన్న గ్రాంట్లకు, నాణ్యతా ప్రమాణం దాటిన దరఖాస్తుల నుంచి లాటరీ పద్ధతిలో ఎంపిక చేయడం మొదలుపెట్టాయి. లాటరీ తీసే స్థితిలో ఉన్న చోట ఒక్క తిరస్కరణను మీ అమ్మాయి సామర్థ్యంపై తీర్పుగా ఎలా తీసుకుంటారు?

నేను మీకు ముఖ్యంగా చెప్పదలచినది నెదర్లాండ్స్ దత్తాంశాలతో జరిగిన మరో అధ్యయనంలో ఉంది. అదీ 2018లోనే వెలువడింది. కొత్త పరిశోధకులకిచ్చే వేని గ్రాంటు పోటీలో అర్హత గీతకు కొద్దిగా పైన నిలిచి గ్రాంటు పొందినవారిని, కొద్దిగా కింద ఆగిపోయినవారిని అందులో పోల్చారు. మార్కుల్లో ఇద్దరికీ తేడా స్వల్పమే. అయినా తర్వాతి ఎనిమిదేళ్లలో పైనున్నవారికి కిందివారి కంటే రెట్టింపుకు మించి పరిశోధన నిధులు వచ్చాయి. పేరు వచ్చినవారికే మళ్లీ పేరు రావడం ఇందుకు ఒక కారణం. మరో కారణం, ఆగిపోయినవారిలో చాలామంది తర్వాతి గ్రాంట్లకు దరఖాస్తు చేయడమే తగ్గించుకోవడం. అంటే ఆ నష్టంలో కొంత భాగం మనసు విరగడం వల్ల జరిగింది. కెరీర్ గ్రాంటుకు ఒక వ్యక్తి మూడుసార్లు పోటీపడవచ్చని నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నియమం. తిరస్కరించిన దరఖాస్తుతో పాటు వచ్చిన సమీక్షలను మీ అమ్మాయి కొన్ని వారాలు పక్కన పెట్టి, తర్వాత ఒక సీనియర్ సహోద్యోగితో కలిసి చదివి, మార్చి రాసి, మళ్లీ పంపాలి. ఆ శక్తి ఆమెకు ఉంది కాబట్టే రెండు దేశాల నుంచి ఉద్యోగం వచ్చింది.

అందుకే అడుగుతున్నాను, ప్రతి వారం ఫోనులో 'గ్రాంటు సంగతి ఏమైంది' అని అడగడం వల్ల మీకు తెలిసేదేమిటి? చాలా గ్రాంట్ల ఫలితం తేలడానికి నెలలు పడుతుంది. ఆస్ట్రేలియాలో 2012లో వైద్య పరిశోధన మండలికి వచ్చిన 3,727 ప్రతిపాదనల తయారీకి పరిశోధకులు వెచ్చించిన సమయం మొత్తం దాదాపు 550 పని సంవత్సరాలని ఒక అంచనా. ఒక్కో ప్రతిపాదనకు సగటున నెలకు పైగా పని పట్టింది. అంత శ్రమ చేసి ఎదురుచూస్తున్న మనిషికి మీ ప్రశ్న ఆరా తీసినట్టే వినిపిస్తుంది. వేర్లకూ శిలీంధ్రానికీ మధ్య ఈ వారం ఏం కనిపించిందో అడగండి. ఆమె మీతో అరగంట మాట్లాడుతుంది.

మీ బావమరిది గారి సలహా విషయంలో నాకు గట్టి సందేహాలున్నాయి. ఈ మాట ఈ రోజుల్లో దాదాపు ప్రతి ఇంట్లోనూ వినిపిస్తోంది కనుక కొంచెం వివరంగా చెబుతాను. ఏఐ పరిశోధనకు నిధులు ఎక్కువగా ఉన్న మాట నిజం. పోటీదారులు కూడా అక్కడికే చేరుతున్నారు. సమీక్షకులు ముందుగా చూసేది ఈ పని చేయగలిగిన అనుభవం దరఖాస్తుదారుకు ఉందా అన్నది. పదేళ్లు నేల జీవశాస్త్రంలో గడిపిన వ్యక్తి నిన్న మొన్న మొదలుపెట్టిన ఏఐ ప్రతిపాదనతో, ఆ రంగంలోనే డాక్టరేట్ చేసినవారి సరసన నిలబడవలసి వస్తుంది. తనకున్న బలాన్ని చేజేతులా వదులుకోవడం అంటే ఇదే. పైగా గ్రాంటు అయిదేళ్లు నడుస్తుంది, నిధుల గాలి అంతకంటే త్వరగా మారుతుంది. కంప్యూటర్‌లో మనిషి మెదడు నమూనాను నిర్మిస్తామంటూ యూరప్‌లో 2013లో హ్యూమన్ బ్రెయిన్ ప్రాజెక్ట్ మొదలైంది. మరుసటి ఏడాదే వందలాది నాడీశాస్త్రవేత్తలు దాని దిశను ప్రశ్నిస్తూ బహిరంగ లేఖ రాశారు. 2023లో అది ముగిసేనాటికి కొన్ని ఉపయోగకరమైన సాధనాలు మిగిలాయి గాని, మొదట ప్రకటించిన లక్ష్యం నెరవేరలేదు. అంత పెద్ద సంస్థల అంచనాలే మారిపోయినప్పుడు, ఒక యువ పరిశోధకురాలు తన ప్రశ్నను వదిలి పథకాల పేర్ల వెంట పడితే, ఆరో ఏట టెన్యూర్ కమిటీకి చూపించడానికి ఆమె చేతిలో ఏ ఒక్క విషయంలోనూ లోతైన పని మిగలదు. సూక్ష్మదర్శిని చిత్రాల్లో శిలీంధ్ర తంతువులను గుర్తించడానికి ఏఐ అవసరమైతే తప్పక వాడాలి, ఆ విద్య తెలిసినవారిని సహ పరిశోధకులుగా చేర్చుకోవాలి. ప్రశ్న మాత్రం ఆమెదే అయి ఉండాలి. నేల ఆరోగ్యం, కర్బన నిల్వ, ఎరువుల వాడకం తగ్గించడం వంటి విషయాలకు ఆమె పని నేరుగా సంబంధించినదే కాబట్టి, దానికి నిధులు దొరకవన్న దిగులు అక్కర్లేదు.

ఇప్పుడు పోలిక. నిధుల భద్రతను బట్టి దేశాన్ని ఎంచుకోవాలనుకుంటే రెండు చోట్లా నిరాశే ఎదురవుతుంది. కొత్తగా స్థిరపడిన అసిస్టెంట్ ప్రొఫెసర్లకు జాతీయ స్థాయి పోటీ లేకుండా ప్రారంభ గ్రాంట్లు ఇవ్వాలని నెదర్లాండ్స్ ప్రభుత్వం 2022లో నిర్ణయించింది. 2024లో వచ్చిన కొత్త ప్రభుత్వం ఆ నిధులను ఆపేయాలని తీర్మానించింది. అమెరికాలో 2025లో అప్పటికే మంజూరై నడుస్తున్న గ్రాంట్లు సైతం పెద్ద సంఖ్యలో రద్దయ్యాయి. కాబట్టి చూడవలసింది విశ్వవిద్యాలయాన్ని. మొదటి రెండు మూడు దరఖాస్తులు తిరస్కరణకు గురైనా ఆమె పని ఆగకుండా నిలబెట్టగలిగేది ఏది? ప్రయోగశాల ఏర్పాటు నిధిని ఎన్నేళ్లలో ఖర్చు చేయాలి, మిగిలితే వెనక్కి తీసుకుంటారా? మొదటి ఏడాది బోధన తగ్గిస్తారా? బడ్జెట్ తయారుచేసి, నిబంధనలు సరిచూసే పరిశోధన కార్యాలయంలో జీవశాస్త్ర విభాగానికి ప్రత్యేకంగా మనిషి ఉన్నారా? ఇటీవల చేరినవారిలో ఎంతమందికి తొలి గ్రాంటు వచ్చింది, రానివారు ఇప్పుడు ఎక్కడున్నారు? చివరి ప్రశ్నను విభాగాధిపతిని కాక, రెండేళ్ల కింద చేరిన జూనియర్ అధ్యాపకులను అడగాలి. అమెరికా విశ్వవిద్యాలయాన్ని అదనంగా, టెన్యూర్‌కు బయటి గ్రాంటు తప్పనిసరి షరతా అని రాతలో అడగాలి. మీరు రాసిన వివరాలను బట్టి నాకు నెదర్లాండ్స్ ఉద్యోగమే మేలనిపిస్తోంది. ఉద్యోగం పర్మనెంట్ అయితే ఆమె భయం లేకుండా పెద్ద ప్రశ్నలకు దరఖాస్తు చేయగలదు. యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ గ్రాంటు వస్తే, తర్వాత యూరప్‌లోని మరో సంస్థకు మారినా దాన్ని వెంట తీసుకువెళ్లే వీలుంది. అయితే బోధన భారం వారంలో మూడు నాలుగు రోజులను మింగేసేలా ఉంటే నా అభిప్రాయం మారుతుంది. నిర్ణయం ఆమెదే కావాలి.

ప్రతిపాదనలు రాసిపెట్టేవారికి డబ్బు ఇవ్వకండి. భాషను, బడ్జెట్‌ను సరిదిద్దే సహాయం చాలా విశ్వవిద్యాలయాల పరిశోధన కార్యాలయాల్లో ఉచితంగా దొరుకుతుంది. ఆలోచనను బయటి మనిషి సమకూర్చలేడు. ఏఐతో పదుల కొద్దీ దరఖాస్తులు తయారుచేయించుకునే దారి కూడా మూసుకుపోతోంది. అధికభాగం ఏఐ తయారుచేసిన దరఖాస్తులను స్వీకరించబోమని, ఒక ప్రధాన పరిశోధకుడి నుంచి ఏడాదికి ఆరుకు మించి తీసుకోబోమని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ 2025 సెప్టెంబరు నుంచి నియమం పెట్టింది. దానికి బదులు, మీ అమ్మాయిని తన ఆలోచనను ఒక పేజీలో రాసి, నిధులిచ్చే సంస్థలో సంబంధిత పథకాన్ని చూసే అధికారికి, అంటే ప్రోగ్రామ్ ఆఫీసర్‌కు పంపి, తన పని అక్కడ ఇముడుతుందో లేదో దరఖాస్తుకు ముందే అడగమనండి. కొత్త అధ్యాపకులు చాలామంది మొహమాటంతో ఈ పని చేయరు. అమెరికాలో ఆ ప్రశ్నలకు జవాబివ్వడం ఆ అధికారుల ఉద్యోగంలో భాగం. నెదర్లాండ్స్‌కు వెళితే అక్కడి విశ్వవిద్యాలయ గ్రాంటు సలహాదారు ఆ పనికి తోడ్పడతారు.