శనక్కాయ వేసే ముందు గట్లు చూడు

చిరంజీవి భాస్కర్‌కు మామ ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి అనంతపురం వచ్చావనీ, ఈ ఖరీఫ్‌లో శనక్కాయ వేస్తున్నావనీ మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. విత్తనం, ఎరువుల సంగతి నువ్వు ఎలాగూ కనుక్కుంటావు. నేను చెప్పేది గట్ల మీద వయ్యారిభామ గురించి. కాంగ్రెస్ గడ్డి అంటామే, అదే. దాన్ని ఎవరూ పట్టించుకోరు, అందుకే రాస్తున్నాను.

అది మెక్సికో వైపు మొక్క. 1955లో పూణేలో జనం కంట పడింది. అమెరికా గోధుమలతో పాటు వచ్చిందంటారు. మెక్సికోలో దాన్ని తినే పురుగులున్నాయి, ఇక్కడ అడ్డే లేకపోయింది. ఒక్కో మొక్క పది వేలకు పైగా గింజలు రాలుస్తుంది.

2000లో మన జిల్లా శనక్కాయను కాండం కుళ్లు వైరస్ తెగులు ఊడ్చేసింది. లేత ఆకులు మాడి, మొవ్వు ఎండి, కాండం నల్లబడి మొక్క చచ్చిపోయేది. రెండు లక్షల హెక్టార్లకు పైగా దెబ్బతింది, నష్టం 300 కోట్లు దాటింది. ఆ వైరస్ వయ్యారిభామలో ఉన్నా మొక్క మాత్రం పచ్చగానే కనిపిస్తుంది. దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది. పూలలో తిరిగే తామర పురుగులు అనే అతి చిన్న పురుగులు ఆ పుప్పొడిని ఒంటికి అంటించుకుని చేలోకి వస్తాయి. అవి శనక్కాయ ఆకును గీకినచోట వైరస్ లోపలికి దిగుతుంది.

కాబట్టి పువ్వు రాకముందే పీకాలి. తొలి వానలకు మొలిచిన మొక్క మొదట నేలకు అంటుకుని ఆకులు పరుస్తుంది. నెల, నెలన్నరకే పూస్తుంది. నేల తడిగా ఉన్నప్పుడు మొదలు దగ్గర పట్టుకుని వేరుతో సహా లాగు. కొడవలితో కోస్తే మళ్లీ చిగురిస్తుంది. గట్లతో పాటు బాట పక్కన, పక్కవాళ్ల బీడులో కూడా పీకించు. వాళ్లతో ముందే మాట్లాడుకో. ఇదంతా విత్తే ముందే అయిపోవాలి. చేనులో పైరుండగా పూసిన మొక్కల్ని కదిపితే తామర పురుగులు నేరుగా పైరు మీదికే వస్తాయి.

చేతులకు గ్లౌజులు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. దురద, దద్దుర్లు, ఆయాసం ఉన్నవాళ్లను ఈ పనికి పంపకు. కూలీలకు కూడా గ్లౌజులు నువ్వే కొనివ్వు. పశువులు మేస్తే పాలు చేదెక్కుతాయి. పూయని మొక్కల్ని పేడతో కలిపి గుంతలో వేస్తే మంచి ఎరువు అవుతుంది. పూసినవి మాత్రం అందులో వేయకు.

ఉప్పునీళ్లు కొట్టమని ఎవరైనా చెప్తారు. లీటరుకు 200 గ్రాములు కలిపి కొడితే మొక్క మాడుతుంది, నిజమే. కానీ అది రోడ్డు పక్కన సరిపోతుంది, చేను గట్టు మీద వద్దు, నేల పాడవుతుంది. బీడులో తగిరిస అనే మొక్క గింజలు చల్లు, అది పెరిగి వయ్యారిభామను అణిచేస్తుంది. తెల్లటి రెక్కల మీద నల్లటి వంకర గీతలున్న చిన్న పెంకుపురుగులు ఆకులు తింటూ కనిపిస్తే మందు కొట్టకు. దీన్ని తినడానికే మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరులో వదిలిన జాతి అది.

చేను చుట్టూ నాలుగైదు సాళ్లు జొన్న గానీ సజ్జ గానీ వెయ్యి. గాలికి కొట్టుకొచ్చే తామర పురుగులు చాలావరకు అక్కడే ఆగుతాయి. విత్తనశుద్ధి మందు సంగతి మీ వ్యవసాయాధికారిని అడుగు. వాన పడగానే ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను.

మీ మామ