‘కాల్ ఆఫ్’ అంటే వాయిదా కాదు

‘కాల్ ఆఫ్’, ‘పుట్ ఆఫ్’ రెండూ ఒకటేనా అని అడిగారు. కానే కాదు. పుట్ ఆఫ్ అంటే వాయిదా, ఇవాళ కాకపోతే ఇంకో రోజు జరుగుతుంది. కాల్ ఆఫ్ అంటే ఇక లేదు. మొదలుకాకముందే మానుకుంటే రద్దు, నడుస్తుండగా ఆపేస్తే విరమణ. రెండింటికీ ఇంగ్లిష్‌లో ఇదే మాట వాడతారు.

ఈ తేడా మనుషుల మీద ఎలా పడుతుందో 2019 నవంబర్ 25 రాత్రి హన్మకొండలో చూశాను. అక్టోబర్ 5న మొదలైన ఆర్టీసీ సమ్మెకు ఆ రోజుతో 52 రోజులు. మా పై పోర్షన్‌లో ఉండే కండక్టర్ అన్నకు జీతం రాక కిరాణా కొట్లో ఉద్దెర కూడా పుట్టడం లేదు. డిగ్రీ చదివే వాళ్ల బిడ్డ ఫోన్‌లో ‘స్ట్రైక్ కాల్డ్ ఆఫ్’ అనే వార్త చూసి, ‘‘వాయిదా వేసిండ్రంట నాయినా’’ అంది. వదిన గడపలోనే కూలబడింది. ‘‘అంటే మళ్ల మొదలువెడ్తరా?’’

అన్న గబగబా కిందికి దిగొచ్చి ఫోన్ నా చేతిలో పెట్టాడు. ‘‘తమ్మీ, జర సక్కగ చూసి చెప్పు. అయిపోయినట్టా, కానట్టా?’’

‘‘విరమించిండ్రే అన్నా. ఇగ సమ్మె లేదు.’’

‘‘మరి మా డిమాండ్లు?’’

దానికి ఆ హెడ్డింగులో జవాబు లేదు. కాల్ ఆఫ్ అన్న మాట ఆపేశారని మాత్రమే చెబుతుంది, గెలిచి ఆపారో ఓడి ఆపారో చెప్పదు. డ్యూటీలో చేరమని ముఖ్యమంత్రి 28న చెప్పేదాకా ఆ ఇంట్లో టెన్షన్ తగ్గలేదు.

ఆ పిల్లను ఏమీ అనలేం. మన గైడుల్లో ఇలాంటి మాటలన్నీ వరసగా పేర్చి, ఒక్కోదానికి ఒక్క ముక్క అర్థం రాసి బట్టీ పట్టిస్తారు. వాక్యం ఉండదు, సందర్భం ఉండదు. సమ్మె, పెళ్లి, మ్యాచ్ ఆగిపోయిన వార్తలు నాలుగు చదివితే వచ్చే పట్టు ఆ లిస్టులతో ఎన్నడూ రాదు. ఇంటర్ కాలేజీల్లో రోజూ ఒక పేపర్ చదివించడానికి ఏం అడ్డమో నాకు అర్థం కాదు.

వాడేటప్పుడు ఒకటి చూసుకోండి. ‘కాల్ ఆఫ్ ద స్ట్రైక్’, ‘కాల్ ద స్ట్రైక్ ఆఫ్’ రెండూ ఒప్పే. ‘ఇట్’ వస్తే మాత్రం మధ్యలోనే పెట్టాలి: ‘కాల్ ఇట్ ఆఫ్’. ఫోన్ కట్ చేయడాన్ని కాల్ ఆఫ్ అనరు, దానికి ‘హ్యాంగ్ అప్’ అని వేరే ఉంది.